గాలి మోసే బరువు

అరిజోనాలో కొలరాడో నది మీద డేవిస్ డ్యామ్ ఉంది. అక్కడి నుంచి తూర్పుగా సాగే 68వ నంబరు రోడ్డు యూనియన్ పాస్ అనే కనుమ దాకా 11.4 మైళ్లు ఎక్కుతూనే పోతుంది. అమెరికాలో పికప్ ట్రక్కులు చేసే కంపెనీలు తమ బండి ఇన్ని వేల పౌండ్లు లాగుతుందని చెప్పుకోవడానికి జె2807 అనే ప్రమాణం ఒకటుంది. దాని ప్రకారం ఈ ఎక్కుడే గీటురాయి. బయట కనీసం 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ కాయాలి, ఏసీ ఆడుతూ ఉండాలి, వెనక చెప్పినంత బరువు ట్రెయిలర్ ఉండాలి. అయినా వేగం గంటకు 40 మైళ్లకు తగ్గకూడదు. వెనక జంట చక్రాలుండే బండ్లకు 35 మైళ్లు చాలు.

ఈ పరీక్ష సంగతి ఎత్తితే ఇంజను బలం, గేరుబాక్సు వేడి, రేడియేటరు సైజు మాట్లాడతారు. టైరు ఊసు రాదు. కానీ ఆ లాగుడంతా చివరకు నేలకు దిగేది టైరు గుండానే, అదీ చాలా ఇరుకైన జాగాలో. ఒక చక్రం మీద 1,500 కిలోలు పడి, లోపల 80 పీఎస్ఐ గాలి ఉంటే, టైరు నేలకు ఆనే మేర సుమారు 270 చదరపు సెంటీమీటర్లు. ఏ4 కాగితంలో సగం కూడా కాదు. ఎక్కుడులో లాగడం, దిగుడులో ఆపడం, పక్క నుంచి పెనుగాలి కొట్టినప్పుడు ట్రెయిలర్ ఊగకుండా పట్టి ఉంచడం, అన్నీ అలాంటి నాలుగు ముక్కల మీదే జరగాలి. హెవీ డ్యూటీ ట్రక్కుకు వేసే ఆల్ టెర్రయిన్ టైరును దగ్గరగా పెట్టి చూడాలనిపించేది అందుకే.

పొసగని కోరికలు

ఈ రకం టైరుకు మూలపురుషుడి లాంటిది 1976లో వచ్చింది. బీఎఫ్ గుడ్రిచ్ కంపెనీ ఆ ఏడు తెచ్చిన రేడియల్ ఆల్ టెర్రయిన్ టీ/ఏ, తేలికరకం ట్రక్కుల కోసం చేసిన మొదటి ఆల్ టెర్రయిన్ రేడియల్ అని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలో రాళ్లూ ఇసుకా దాటుకుంటూ సాగే బాహా 1000 పందెం వాళ్ల ప్రయోగశాల. అక్కడ చిరిగిన టైర్ల నుంచి నేర్చుకున్నది బజారు టైర్లలోకి వచ్చింది. 1990లో కంపెనీ మిషెలిన్ చేతికి వెళ్లాక కూడా ఆ వరస ఆగలేదు. 2014లో వచ్చిన కేవో2 ఆ వంశంలోదే. 2024లో దాని స్థానంలోకి కేవో3 వచ్చింది. కేవో2ను పదేళ్లపాటు లక్షల బండ్లు తొక్కి చూశాయి కనుక, పనితనం చూడటానికి నేను దాన్నే ముందు పెట్టుకుంటున్నాను.

అన్ని నేలలకూ పనికొచ్చే టైరు అనడం తేలిక. చేసేవాడి ఎదుట ఉన్న చిక్కు వేరు. బురదలో పట్టు దొరకాలంటే గాడులు వెడల్పుగా, లోతుగా ఉండాలి. అవే గాడులు తారురోడ్డు మీద హోరు పెడతాయి, రబ్బరు దిమ్మెలను అటూ ఇటూ వంగనిస్తాయి. వెనక నాలుగున్నర టన్నుల ట్రెయిలర్ ఉన్నప్పుడు దిమ్మెలు వంగడమంటే బండి తోక ఊగడమే. రాయి గాటుకు ముక్కలు ఊడిపోకూడదంటే రబ్బరు మొండిగా ఉండాలి. చలికాలం మంచులో పట్టాలంటే అదే రబ్బరు మెత్తగా ఉండాలి. నేలకు ఆనే పైపొర, అంటే ట్రెడ్, మందంగా ఉంటే ఎక్కువకాలం వస్తుంది, కానీ మందం పెరిగేకొద్దీ లోపల వేడీ పెరుగుతుంది. బరువు లాగే బండికి వేడిని మించిన శత్రువు లేదు.

వేడి ఎక్కడి నుంచి వస్తుందో లెక్క కట్టి చూడొచ్చు. ఈ ట్రక్కులకు సాధారణంగా వచ్చే ఎల్‌టీ275/70ఆర్18 సైజు టైరు వ్యాసం సుమారు 84 సెంటీమీటర్లు. గంటకు 65 మైళ్ల వేగంలో అది సెకనుకు 11 సార్లు తిరుగుతుంది. అంటే ట్రెడ్‌లో ఏ చోటు తీసుకున్నా గంటకు దాదాపు 40 వేల సార్లు నేలకు నొక్కుకుని మళ్లీ లేస్తుంది. నొక్కుకున్నప్పుడు తీసుకున్న శక్తినంతా రబ్బరు తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా తనలోనే ఉంచుకుంటుంది. గాలి తక్కువైతే సైడ్‌వాల్, అంటే టైరు పక్కగోడ, మరింత వంగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. రబ్బరూ తీగెలూ చేసేది ఆ గాలిని కదలకుండా పట్టి ఉంచడం.

గోడ మీద రాత

టైరు గురించి నిజం చెప్పే పత్రం దాని సైడ్‌వాల్ మీదే అచ్చయి ఉంటుంది. చాలామంది కళ్లు పెద్దక్షరాల బ్రాండు పేరు దగ్గర ఆగిపోతాయి. చదవాల్సింది చిన్నక్షరాలు.

సైజుకు ముందు ఎల్‌టీ అని ఉంటే అది తేలికరకం ట్రక్కుకని కట్టిన టైరు. అక్కడ పీ అని ఉంటే కార్ల కొలతలో చేసింది. పీ టైరును పికప్‌కు వేసేటప్పుడు దాని మీద రాసిన బరువును 1.10తో భాగించి లెక్కలోకి తీసుకోవాలన్నది అమెరికా నియమం. ట్రక్కు కుదుపులకు కారు టైరు పూర్తి బరువు మోయలేదని నియమమే ఒప్పుకుంటోందన్నమాట.

సైజు తర్వాత 125/122ఆర్ అని కనిపిస్తుంది. 125 అంటే ఒంటి చక్రంగా వేసినప్పుడు 1,650 కిలోలు, అంటే దాదాపు 3,640 పౌండ్లు. 122 అంటే జంటగా వేసినప్పుడు ఒక్కోటి 1,500 కిలోలు. జంటలో తగ్గించడానికి కారణముంది: రోడ్డు వంపునుబట్టి, గాలి తేడానుబట్టి రెండు చక్రాల మీదా బరువు సమంగా పడదు. ఆర్ అన్నది వేగానికి గుర్తు, గంటకు 106 మైళ్ల హద్దు.

తర్వాత లోడ్ రేంజ్ ఈ. ఈ సైజుల్లో సీ అయితే 50 పీఎస్ఐ, డీ అయితే 65, ఈ అయితే 80 పీఎస్ఐ గాలితో పూర్తి బరువు మోస్తుంది. లోడ్ రేంజ్ ఈ రకాన్ని బజారులో టెన్ ప్లై అంటారు. 16 పీఆర్ (ప్లై రేటింగ్) అని రాసి ఉన్న లారీ టైర్లు చూసిన మనవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. ఒకప్పుడు టైరు లోపల నూలుగుడ్డ పొరలు వేసేవారు. టెన్ ప్లై అంటే పది పొరల నూలుకు ఉన్నంత బలం అని అర్థం. ఇప్పుడు లోపల పది పొరలేమీ ఉండవు. ఎన్ని పొరలు, దేనితో చేసినవి అన్నది కూడా గోడ మీద రాయాలని అమెరికా నియమం చెబుతుంది. దీపం పట్టి చూస్తే ట్రెడ్ కింద ఎన్ని ఉక్కు పొరలు, ఎన్ని పాలియెస్టర్, ఎన్ని నైలాన్, సైడ్‌వాల్‌లో ఎన్ని అని విడివిడిగా కనిపిస్తాయి. దుకాణదారుడు పది అన్నచోట గోడ రెండో మూడో అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కానీ గట్టితనం తెలియాలంటే గోడనే చదవాలి.

కనిపించని పని

అసలు పనితనం ఆ పొరల్లో ఉంది. అన్నిటికన్నా లోపల గాలి బయటికి పోనివ్వని బ్యూటైల్ రకం రబ్బరు పల్చటి పూత. దాని మీద పాలియెస్టర్ దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు అడ్డంగా, సూటిగా పరుచుకుని ఉంటాయి. ఇదే రేడియల్ కట్టుడు. 1946లో మిషెలిన్ దీనికి పేటెంటు తీసుకుని, 1949లో బజారులోకి తెచ్చింది. అంతకుముందు దారాలు ఐమూలగా ఒకదాని మీద ఒకటి దాటుతూ ఉండేవి, టైరు వంగినప్పుడల్లా ఒకదానితో ఒకటి రాసుకుని వేడెక్కేవి. దారాలు అడ్డంగా నిలిచాక సైడ్‌వాల్ తన పని తాను వంగుతుంది, ట్రెడ్ తన పని తాను నేలకు చదునుగా ఆనుతుంది.

ఆ దారాల రెండు చివరలూ బీడ్ అనే ఉక్కుతీగెల కట్ట చుట్టూ మడిచి ఉంటాయి. రిమ్ము మీద టైరు జారకుండా కూర్చునేది ఆ కట్ట బలంతోనే. 80 పీఎస్ఐ గాలి బయటికి తోస్తుంటే, ఇంజను తిప్పుడు బలం రిమ్మును గుంజుతుంటే, రెండిటినీ తట్టుకునేది ఆ కొద్దిపాటి వెడల్పు. ఆ గుంజుడు తక్కువేమీ కాదు: 2019లో రామ్ పికప్‌లోని కమిన్స్ డీజిల్ ఇంజను టార్కు వెయ్యి పౌండ్-ఫీట్‌కు చేరింది.

ట్రెడ్ కింద రెండు ఉక్కు బెల్టులు, ఒకదాని తీగెలు ఎడమకు, రెండోదాని తీగెలు కుడికి వాలి ఉంటాయి. ట్రెడ్ గట్టిగా, చదునుగా ఉండేది వీటివల్లే. టైరులో అతి సున్నితమైన చోటు కూడా ఇక్కడే ఉంది: బెల్టుల అంచు. ఉక్కు తీగె కోసిన చివర రబ్బరును గుచ్చుతూ ఉంటుంది. పై బెల్టు ఒకవైపు, కింది బెల్టు మరోవైపు లాగుతుంటే మధ్య రబ్బరు నలుగుతుంది. వేడి చేరేదీ అక్కడే. ఆ అంచుల మధ్య ఉంచే చిన్న రబ్బరు పట్టీ మందం మీద టైరు బతుకు ఆధారపడుతుంది.

ఇది ఎంత పెద్ద విషయమో అమెరికాకు 2000లో తెలిసొచ్చింది. ఆ ఆగస్టులో ఫైర్‌స్టోన్ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వాటిలో పేరులోనే ఏటీ ఉన్న వైల్డర్‌నెస్ ఏటీ రకం కూడా ఉంది. ఎండకాలం హైవేల మీద ట్రెడ్ పొర ఊడి బండ్లు పల్టీ కొట్టాయి. పగులు మొదలైంది రెండు బెల్టుల మధ్య, అంచుల దగ్గర అని ప్రభుత్వ విచారణ తేల్చింది. ఆ ఏడాదే ట్రెడ్ యాక్ట్ అనే చట్టం వచ్చింది, దాని ఫలితంగా తర్వాత గాలి తగ్గితే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగే ఏర్పాటు తప్పనిసరైంది. కానీ ఆ నిబంధన మొత్తం బరువు 10 వేల పౌండ్ల దాకా ఉన్న బండ్లకే. అన్నిటికన్నా ఎక్కువ బరువు లాగే పెద్ద ట్రక్కులు ఆ గీతకు అవతల పడతాయి. ఆ దీపం లేని బండికి గాలి గేజీయే దిక్కు.

బెల్టుల అంచులు అలా విడిపోకుండా ఉండేందుకే మంచి ఎల్‌టీ టైర్లలో ఉక్కు బెల్టుల మీద నైలాన్ దారాన్ని చుట్టు తిప్పి బిగిస్తారు. వేడెక్కితే నైలాన్ కుంచించుకుంటుంది. వేడికి బెల్టు అంచులు పైకి లేవబోయే వేళకే పైనున్న కట్టు ఇంకాస్త బిగుసుకుంటుంది. ఆపద వచ్చే దారిలోనే దానికి విరుగుడును కాపలా పెట్టిన తీరు ఇది. ఈ టైరులో నాకు అన్నిటికన్నా అందంగా తోచిన పని ఇదే, టైరు కోస్తే గాని కనబడదు.

కనిపించే పని

ఇక పైకి చూద్దాం. కేవో2 ట్రెడ్ లోతు లోడ్ రేంజ్ ఈ సైజుల్లో అంగుళంలో 32కి 15 వంతులు, దాదాపు 12 మిల్లీమీటర్లు. హైవే టైరుకన్నా ఎక్కువ, బురద టైరుకన్నా తక్కువ. మధ్యనున్న దిమ్మెలు విడివిడిగా లేవు. ఒకదాని పంటి సందులో మరొకటి ఇమిడి అల్లుకున్నట్టుంటాయి. ఎక్కుడులో ఒక దిమ్మె వెనక్కి వంగబోతే పక్కది ఆపుతుంది. దిమ్మెల్లో కోసిన సన్నటి చీలికల లోపలి గోడలు కూడా తిన్నగా ఉండవు, వంకరలు తిరిగి ఉంటాయి. మంచు మీద తెరుచుకుని అంచులతో పట్టుకుంటాయి, పొడి రోడ్డు మీద ఒత్తిడి పడగానే ఒకదానిలో ఒకటి ఇరుక్కుని దిమ్మెను గట్టిపరుస్తాయి. మెత్తదనం, గట్టితనం పంచాయితీని ఒక చీలిక వంపులో తీర్చారు.

గాడుల అడుగున చిన్నచిన్న రబ్బరు బొడిపెలున్నాయి. చూపుకు అలంకారంలా ఉంటాయి. వాటి పని తెలియాలంటే అలాస్కాలో డాల్టన్ హైవే లాంటి రోడ్డును తలుచుకోవాలి. చమురు పైపులైను పని కోసం 1974లో వేసిన ఆ 414 మైళ్ల దారిలో చాలా భాగం కంకరే. గాడిలో ఇరుక్కున్న రాయి ఊరుకోదు. చక్రం తిరిగినప్పుడల్లా నేల దాన్ని లోపలికి దిగగొడుతుంది. అది రబ్బరును తొలుచుకుంటూ ఉక్కు బెల్టు దాకా వెళ్తే, ఆ బొక్కగుండా నీరు దిగి తుప్పు మొదలవుతుంది. బొడిపె ఆ రాయిని అడుగంటనివ్వదు, నొక్కుడు తీరగానే బయటికి తోసేస్తుంది. లోపలి బెల్టును కాపాడే పని పైనున్న ట్రెడ్ గాడిలోనే మొదలవుతుందన్నమాట.

ట్రెడ్ సైడ్‌వాల్‌ను కలిసే భుజం దగ్గర దిమ్మెలు ఒకటి బయటికి, ఒకటి లోపలికి రంపపు పళ్లలా ఉంటాయి. మెత్తని నేలలో దిగబడ్డప్పుడు పక్క అంచులతో పట్టేందుకు అవి. వాటి మధ్య ఉబ్బెత్తు గీతలు అంటుకున్న బురదను ఊడ్చిపారేయడానికి. ఆ భుజం రబ్బరు అక్కడితో ఆగదు, మందంగా సైడ్‌వాల్ మీదికి దిగుతుంది. రాళ్ల దారిలో టైరు చిరిగేది ఎక్కువగా ట్రెడ్‌లో కాదు, పక్కన. ట్రెడ్‌లో మేకు దిగితే పంచరు వేయించుకోవచ్చు. సైడ్‌వాల్ చిరిగితే టైరు పారేయాల్సిందే. పందెపు టైరు నుంచి తెచ్చిన ఈ ఏర్పాటుతో పాత నమూనాకన్నా సైడ్‌వాల్ 20 శాతం గట్టిపడిందన్నది కంపెనీ మాట.

అందరూ ఒకే దారిన పోలేదు. జపాన్ వాళ్ల ఫాల్కెన్ వైల్డ్‌పీక్ ఏ/టీ3డబ్ల్యూ సైడ్‌వాల్ కింది భాగంలో, రిమ్ముకు దగ్గరగా, వేడిని గాలిలోకి వదిలేందుకు ఒక అమరిక చేసింది. బరువు లాగేవాడిని మనసులో పెట్టుకుని చేసిన పని అది. ఫిన్లండుకు చెందిన నోకియన్ సైడ్‌వాల్ రబ్బరులోకి అరామిడ్ పోగులు దింపింది. ఒకరు వేడి గురించి ఆలోచించారు, ఒకరు చిరుగు గురించి. కొనేవాడు తన బండికి ఏది ముప్పో తెలుసుకుంటే ఎంపిక సగం అయినట్టే.

మంచు సంగతీ చెప్పాలి. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచుపువ్వు ఉన్న గుర్తు టైరు మీద ఉంటే, గట్టిపడిన మంచు మీద ప్రామాణిక టైరుకన్నా కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపిందని అర్థం. ఆ పరీక్ష చూసేది బండి ముందుకు కదిలేటప్పటి పట్టునే. ఆగడం, మలుపు తిరగడం కాదు. వెనక ట్రెయిలర్ ఉన్నవాడు ఈ తేడా మరవకూడదు. కొలరాడో రాష్ట్రంలో ఐ-70 హైవే మీద డాట్సెరో, మారిసన్ ఊళ్ల మధ్య సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా ఫోర్ వీల్ డ్రైవ్ బండికైనా 3/16 అంగుళం ట్రెడ్ ఉండాలి. మామూలు చట్టం 2/32 దాకా అరగనిస్తే, ఇక్కడ 6/32 దగ్గరే ఆట ముగుస్తుంది. 15 వంతులతో మొదలైన టైరుకు అక్కడ తొమ్మిది వంతుల బతుకు. 11తో మొదలైనదానికి అయిదే. కొండరాష్ట్రంలో లోతుకు ఇచ్చే డబ్బు వృథా కాదు.

బేరం ఎక్కడ మొదలవ్వాలి

కొనేవాడు ముందు చూడాల్సింది టైరును కాదు, తన బండిని. డ్రైవరు తలుపు పక్కన అతికించిన కాగితం మీద ఒక్కో యాక్సిల్ ఎంత మోయగలదో, ఎంత గాలి కావాలో ఉంటుంది. తర్వాత ట్రెయిలర్ తగిలించి, నీళ్లు, సామాను, మనుషులతో సహా హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేలు మీద తూకం వేయించాలి. అక్కడ ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రెయిలర్ విడివిడిగా తెలుస్తాయి.

ఉదాహరణకు 10 వేల పౌండ్ల ట్రెయిలర్ అనుకుందాం. కొక్కెం మీద పడే బరువు మామూలుగా అందులో 10 నుంచి 15 శాతం, అంటే 1,000 నుంచి 1,500 పౌండ్లు. కొక్కెం యాక్సిల్‌కు వెనక ఉంటుంది కనుక ముందు చక్రాలను కాస్త లేపి, వెనక యాక్సిల్ మీద తన బరువుకన్నా ఎక్కువే వేస్తుంది. తూకంలో వెనక యాక్సిల్ 6,000 పౌండ్లు చూపితే టైరుకు 3,000. 3,640 మోసే లోడ్ రేంజ్ ఈ టైరుకు 640 పౌండ్ల వెసులుబాటు ఉంటుంది, గాలి 80 పీఎస్ఐ ఉంటేనే. ట్రక్కు తొట్టిలో తగిలించే ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్ అయితే పిన్ను మీద 15 నుంచి 25 శాతం పడుతుంది. 15 వేల పౌండ్లదానికి అది 3,750 దాకా పోవచ్చు. అప్పుడు ప్రశ్న టైరు బ్రాండు కాదు, జంట చక్రాల బండి కావాలా అన్నది.

బరువు తేలాక నేల. డాలస్ నుంచి ఏడాదికి నాలుగుసార్లు క్యాంపింగ్‌కు ట్రెయిలర్ లాక్కెళ్లే కుటుంబం, చివరి రెండు మైళ్లు మాత్రమే మట్టిదారి అయితే, దిమ్మెలు దగ్గరగా ఉండి గాడులు ఇరుకైన ఆల్ టెర్రయిన్ తీసుకోవడం మేలు. వాళ్లకు హైవే టైరు చాలినా చాలుతుంది. తడిరోడ్డు మీద ఆగడంలో సాధారణంగా హైవే టైరుదే పైచేయి, డీజిలూ తక్కువ తాగుతుంది. రోజూ కంకరదారిలో పశువుల ట్రెయిలర్ లాగే రాంచ్ (పశువుల క్షేత్రం) రైతుకు మందపాటి భుజం, రాయిని నెట్టే గాడి కావాలి. కొంత హోరు, పాతిక కిలోలకు పైబడిన చక్రం బరువు, ఖాళీ బండిలో కుదుపు అతను భరించక తప్పదు. బురద టైరు ఈ ఇద్దరికీ అక్కర్లేదు. ఎత్తైన దిమ్మెలు బరువు కింద వంగుతాయి, వేడెక్కుతాయి, త్వరగా అరుగుతాయి. వాటి దూకుడంతా పార్కింగులో చూసేవాళ్ల కోసమే.

చివరగా రెండు చిన్న విషయాలు. సైడ్‌వాల్ మీద డాట్ అని మొదలయ్యే సంఖ్యలో చివరి నాలుగు అంకెలూ చూడాలి: 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. స్టెప్నీ కూడా అదే సైజు, అదే లోడ్ రేంజ్ ఉండాలి. టైరు పోయేది ఎక్కువగా వెనక యాక్సిల్‌లో, పూర్తి బరువుతో ఉన్నప్పుడే. అప్పుడు తక్కువరకం స్టెప్నీ ఉన్నా లేనట్టే.

దుకాణంలో వరుసగా నిలబెట్టిన టైర్లలో కంటిని లాగేది ట్రెడ్. కానీ డబ్బుకు విలువ ఇచ్చేది దాని కిందున్న నైలాన్ కట్టు, బెల్టుల అంచు, బీడ్ మడత. ట్రెడ్‌ను బట్టి కొన్న టైరు బురదలోంచి బండిని బయటికి లాగవచ్చు. లోపలి కట్టుడును బట్టి కొన్న టైరు మాత్రం ఎండాకాలం మధ్యాహ్నం, హైవే మీద, వెనక పది వేల పౌండ్లతో పోతున్నప్పుడు మీకు గుర్తే రాదు. లాగే బండి టైరుకు అంతకు మించిన పొగడ్త లేదు.